తీగ చేసే పని తరంగం చేయాలంటే

వేదిక మీద మైకుకు తీగ ఉన్నంతకాలం ఆ తీగ ఎన్ని పనులు చేస్తున్నదీ ఎవరి దృష్టికీ రాదు. గుసగుస మొదలు కేక దాకా గొంతులోని హెచ్చుతగ్గులన్నింటినీ అది యథాతథంగా మోసుకుపోతుంది. ఆ దారిలో ఒక్క గొంతే నడుస్తుంది కాబట్టి పక్క మైకులోని పాట ఇందులో కలవదు. గాయకుడు ఎటు తిరిగినా, నడుమ ఎవరు అడ్డం నిలిచినా సంకేతం తెగిపోదు. తీగను తొలగించగానే ఈ మూడు సౌకర్యాలూ ఒక్కసారిగా చేజారతాయి. తెలుగు ఊళ్లలో కార్డ్‌లెస్ మైకు అని పిలుచుకునే పరికరం చరిత్ర అంతా, అలా పోయినవాటిని రేడియో తరంగాల సాయంతో ఒక్కొక్కటిగా తిరిగి సాధించుకున్న చరిత్రే. వాటిలో హెచ్చుతగ్గుల సమస్య దాదాపుగా తీరింది. సంకేతం తెగిపోవడాన్ని చాలావరకు అదుపులో పెట్టగలిగారు. ఎవరి దారి వారికి దక్కడమన్నది మాత్రం ఏటికేడు జటిలమవుతూనే ఉంది, ఎందుకంటే అందులో ఇంజనీర్లతో పాటు ప్రభుత్వాలకూ టెలికాం కంపెనీలకూ పాత్ర ఉంది.

తీగను వదిలించుకోవాలన్న కోరిక కేవలం సౌలభ్యం కోసం పుట్టినది కాదు. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకును చేరే ధ్వని పీడనం సగానికి పడిపోతుంది. శబ్ద స్థాయిని కొలిచే డెసిబెల్ మానంలో చెప్పాలంటే 6 డెసిబెళ్లు తగ్గుతుంది. స్టాండుకు బిగించిన మైకు ముందు కదలకుండా నిలబడి పాడేవారికి ఇది ఇబ్బంది కాదు గాని, నడుస్తూ, తిరుగుతూ, అభినయిస్తూ గొంతు విప్పవలసిన కళాకారులకు ఇది పెద్ద ప్రతిబంధకం. పద్యనాటకంలో రాగం అందుకోబోయే నటుడు, సన్నివేశం తనను ఎక్కడ ఉండమంటున్నదో అక్కడ కాక, మైకు ఎక్కడ ఉన్నదో అక్కడికి వచ్చి నిలబడడం తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితం. వాచికానికి పెద్దపీట వేసిన కూచిపూడి సంప్రదాయంలో, ముఖ్యంగా భామాకలాపం వంటి ప్రదర్శనల్లో, పాత్రధారి స్వయంగా సంభాషణ పలుకుతాడు. ఆ మాటలను అందుకోవడానికి వేదిక అంచున నేల దగ్గర మైకులు పెడితే, వాటికి నోటికన్నా పాదాలే దగ్గర కాబట్టి మాటకంటే ముందు గజ్జెల సవ్వడి స్పీకర్లను నింపేస్తుంది. చెంపకు ఆనించి కట్టుకున్న చిన్న మైకు మాత్రం, నర్తకి ఎంత తిరిగినా, నోటికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. గజ్జెల కోసం నేల దగ్గర మరో మైకు ఉంచుకుంటే రెండింటి పాళ్లను మిక్సర్ దగ్గర కూర్చున్నవారు విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. మైకు నోటికి దగ్గరగా ఉన్నప్పుడు ఆంప్లిఫయర్‌ను అంతగా పెంచనక్కరలేదు గనుక, స్పీకర్ నుంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులో దూరి కూతపెట్టే బెడద కూడా తగ్గుతుంది. నోటికీ మైకుకీ మధ్య దూరాన్ని స్థిరపరచడమే ఈ పరికరం రంగస్థలానికి చేసిన అసలు మేలు. చేతికి తీగ అడ్డం పడకపోవడం దాని తర్వాతి మాట.

ఆ మేలు అందడానికి చాలాకాలం పట్టింది. 1953లో అమెరికాలోని షూర్ సంస్థ ప్రదర్శకుల కోసం వాగాబాండ్ 88 అనే తీగలేని మైకును విడుదల చేసింది. వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆ పరికరం సుమారు 700 చదరపు అడుగుల స్థలానికి పనికివచ్చేది. 1957లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ, ఉత్తర జర్మనీ ప్రసార సంస్థ అయిన ఎన్‌డీఆర్‌తో కలిసి మైక్రోపోర్ట్ అనే వ్యవస్థను రూపొందించింది. 1964 నాటి హాలీవుడ్ చిత్రం ‘మై ఫెయిర్ లేడీ’లో, పాటలను సగం మాటలాగా పలికే రెక్స్ హారిసన్, ఒకసారి పలికినట్టు మరోసారి పలకలేను కాబట్టి ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదపడం కుదరదని పట్టుబట్టగా, ఆయన టైలో చిన్న మైకును దాచి చిత్రీకరణ సమయంలోనే పాటను తీగ లేకుండా రికార్డు చేశారు, ఆ చిత్రానికి శబ్దగ్రహణంలో జార్జ్ గ్రోవ్స్ ఆస్కార్ అందుకున్నారు. 1979లో బ్రిటిష్ గాయని కేట్ బుష్, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని పాడుతూ నృత్యం చేయడానికి, బట్టలు తగిలించే తీగ హ్యాంగర్‌ను వంచి తయారుచేసిన తలపట్టీకి రేడియో మైకును అమర్చుకుని ప్రదర్శనలిచ్చారు. ఇప్పటి వేదికల మీద కనిపించే చెంప మైకులకు ఆ తలపట్టీ దగ్గరి పూర్వరూపం.

ఈ పరికరాల పనితీరు సూత్రంలో సరళమైనదే. మైకు గొంతును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. మైకు పిడిలోనో, నడుముకు తగిలించుకునే చిన్న పెట్టెలోనో ఉండే ట్రాన్స్‌మిటర్ ఆ సంకేతాన్ని ఒక రేడియో తరంగం మీదికి ఎక్కిస్తుంది. వేదిక పక్కన ఉండే రిసీవర్ దానిని దించి మిక్సర్‌కు అందిస్తుంది. మోసుకుపోయే ఆ తరంగాన్ని వాహక తరంగం అంటారు. అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య దాని పౌనఃపున్యం. 600 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 60 కోట్ల కంపనాలు. గొంతు హెచ్చుతగ్గులను అనుసరించి వాహక తరంగపు పౌనఃపున్యాన్ని కొద్దిగా అటూఇటూ జరపడమే ఎఫ్ఎం పద్ధతి. వాతావరణంలోని విద్యుత్ అలజడులు ఎక్కువగా తరంగం ఎత్తును చెదరగొడతాయి, ఎఫ్ఎం రిసీవర్ ఎత్తును పట్టించుకోదు. పైగా ఒకే పౌనఃపున్యం మీద రెండు సంకేతాలు వస్తే బలమైనదానిని పట్టుకుని బలహీనమైనదానిని దాదాపుగా అణచివేస్తుంది. దశాబ్దాల పాటు వేదికలను ఎఫ్ఎం ఏలడానికి కారణం ఇదే. ట్రాన్స్‌మిటర్ శక్తి సాధారణంగా 10 నుంచి 50 మిల్లీవాట్లు మాత్రమే. 4జీ ఫోను గరిష్ఠంగా దాదాపు 200 మిల్లీవాట్లు వెదజల్లుతుందన్న సంగతితో పోల్చితే ఇది ఎంత స్వల్పమో అర్థమవుతుంది.

తొలి చిక్కు స్వరంలోని హెచ్చుతగ్గులది. నోటి దగ్గరి మైకుకు అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 100 డెసిబెళ్ల అంతరం ఎదురుకావచ్చు. మైకులకు కేటాయించే ఇరుకైన రేడియో మార్గంలో మామూలు ఎఫ్ఎం మోయగలిగినది అందులో సుమారు సగం. మెల్లని స్వరం బుస్సుమనే రేడియో రొదలో మునిగిపోకూడదని సంకేతాన్ని పెంచితే పెద్ద స్వరం పగిలిపోతుంది, పగలకూడదని తగ్గిస్తే మెల్లనిది మునిగిపోతుంది. 1970లలో దీనికి దొరికిన ఉపాయం, పెద్ద దుప్పటిని మడిచి చిన్న పెట్టెలో పెట్టి అవతల విప్పుకున్నట్టు, ట్రాన్స్‌మిటర్‌లో హెచ్చుతగ్గులను సగానికి కుదించి రిసీవర్‌లో మళ్లీ రెట్టింపుగా విస్తరించడం. కుదింపు, విస్తరణలను జంటగా చేసే ఈ ఏర్పాటును కంపాండర్ అంటారు. విస్తరణ జరిగినప్పుడు, దారిలో చేరిన రొద స్థాయి మరింత కిందికి దిగిపోతుంది. అయితే ఈ రెండు పనులూ సంకేతం స్థాయిని గమనిస్తూ జరుగుతాయి కాబట్టి, గమనించడానికి పట్టే రవ్వంత సమయంలో పొరపాటు దొర్లుతుంది; మాట వెనుక సన్నని రొద ఊపిరి తీసినట్టు లేచి పడుతుంది. వీణ తంతిని మీటిన తరువాత నాదం నెమ్మదిగా అణగిపోయే చోట ఈ లోపం చక్కగా బయటపడుతుంది, గట్టి తాళవాద్యాల నడుమ ఎవరికీ వినిపించదు.

పరికరం చేసే మార్పు లోపంగానే మిగిలిపోవాలన్న నియమం లేదని గిటారు చరిత్ర చెబుతుంది. న్యూయార్కుకు చెందిన కెన్ షాఫర్ 1970ల మధ్యలో వేగా సంస్థతో కలిసి తయారుచేసిన షాఫర్-వేగా వ్యవస్థను ఏసీ/డీసీ బృందపు గిటారిస్టు ఆంగస్ యంగ్ వేదిక మీదే కాక, 1980 నాటి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్ రికార్డింగులోనూ ఉపయోగించారు. తీగను వదిలించుకోవలసిన అవసరం ఏమాత్రం లేనిచోట కూడా ఆయన దానిని వాడింది ఆ కుదింపు-విస్తరణల వల్ల గిటారుకు వచ్చిన చురుకుదనం కోసమే. ఆ నాదం కోసం ఆ సర్క్యూట్‌ను తర్వాతి కాలంలో తిరిగి నిర్మించి అమ్మినవారున్నారు. తీగను తీసివేసినప్పుడు గిటారు స్వరం మారడానికి మరో కారణం కూడా ఉంది. ఎలక్ట్రిక్ గిటారులో తంతుల కంపనాన్ని పట్టే పికప్ ఒక తీగచుట్ట. దానికి తగిలించిన పొడవాటి కేబుల్ కొంత విద్యుదావేశాన్ని తనలో నిలుపుకుని అతి తారస్వరాలను మందగింపజేస్తుంది. కేబుల్ పోతే ఆ మందగింపూ పోయి స్వరం మరింత పదునుగా, కొందరి చెవులకు మరీ కీచుగా వినిపిస్తుంది; అందుకని కొన్ని తయారీ సంస్థలు, ఫలానా పొడవు కేబుల్ ఉన్నట్టు వినిపించే అమరికను ట్రాన్స్‌మిటర్‌లోనో రిసీవర్‌లోనో చేరుస్తున్నాయి.

తీగను తీసివేయడానికి ప్రాణభద్రతతోనూ సంబంధం ఉంది. 1976 డిసెంబరులో అమెరికాలోని లేక్‌ల్యాండ్ పట్టణంలో కిస్ బృందపు గిటారిస్టు ఏస్ ఫ్రేలీ, గిటారు చేతపట్టుకుని వేదిక మెట్ల దగ్గరి లోహపు కమ్మీని తాకి తీవ్రమైన విద్యుదాఘాతానికి గురయ్యారు. ఆ తరువాత ఆ బృందం తీగలేని వ్యవస్థకు మారింది. గిటారు తంతులు కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. ఆ ఎర్తుకూ కమ్మీకీ మధ్య వోల్టేజీ భేదం ఉంటే రెండింటినీ తాకిన మనిషి శరీరం గుండా కరెంటు ప్రవహిస్తుంది. తీగ ఉన్న మైకు లోహపు జాలీని పెదవి తాకినప్పుడు తగిలే షాకు కూడా ఇలాంటిదే. బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌మిటర్‌కు ఏ ఎర్తుతోనూ సంబంధం లేదు. జనరేటరు మీద, ఎర్తింగ్ సరిగా లేని పందిళ్లలో కార్యక్రమాలు జరిగేచోట, స్వేచ్ఛగా తిరగడం కంటే ఈ ఒక్క కారణమే తీగలేని మైకును కోరుకోవడానికి చాలు.

రెండవ చిక్కు, సంకేతం తెగిపోవడం. 600 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు అర మీటరు. ట్రాన్స్‌మిటర్ నుంచి అది యాంటెన్నాకు నేరుగా రావడంతో పాటు గోడల మీద, ఇనుప ట్రస్సుల మీద, ఎల్‌ఈడీ తెరల మీద పడి ప్రతిఫలించి కూడా వస్తుంది. నేరుగా వచ్చిన తరంగానికీ ప్రతిఫలించి వచ్చినదానికీ నడిచిన దారిలో 25 సెంటీమీటర్ల తేడా ఉంటే, ఒకదాని శిఖరం మరొకదాని లోయ మీద పడి రెండూ ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. భౌతికశాస్త్రం దీనినే వినాశక వ్యతికరణం అంటుంది. అందువల్ల వేదిక మీద కంటికి కనిపించని మూగచోట్లు ఏర్పడతాయి. గాయకుడు ఒక అడుగు వేయగానే గొంతు మాయమై, మరో అడుగు వేయగానే తిరిగి వస్తే నేరం బ్యాటరీదో, మైకుదో కానక్కరలేదు. ఈ మూగచోటు ఒకేసారి రెండు వేర్వేరు స్థలాల్లో ఏర్పడే అవకాశం తక్కువ అన్న తర్కం మీద డైవర్సిటీ రిసీవర్ పుట్టింది: తరంగం పొడవులో కనీసం నాలుగోవంతు ఎడంగా రెండు యాంటెన్నాలు ఉంచి, ఏ క్షణంలో ఏది మెరుగ్గా వింటే దానిని స్వీకరిస్తుంది, లేదా రెండింటినీ కలుపుకుంటుంది. చవక సెట్లలో రెండు యాంటెన్నాలూ ఒకే రిసీవర్ సర్క్యూట్‌కు స్విచ్చు ద్వారా కలిసి ఉంటాయి. మేలైన వాటిలో ప్రతి యాంటెన్నాకూ విడి రిసీవర్ సర్క్యూట్ ఉంటుంది. పైకి రెండు కొమ్ములు ఒకేలా కనిపించినా లోపలి ఈ తేడాయే ధరలో పెద్ద భాగం.

మానవ శరీరం కూడా ఈ తరంగాలకు శత్రువే. శరీరంలో ఎక్కువ భాగం ఉప్పు కలిసిన నీరు కాబట్టి అది తరంగాన్ని పీల్చుకుంటుంది; నడుము పెట్టె యాంటెన్నా చెమట పట్టిన చర్మానికి ఆనుకున్నా, చేతి మైకు అడుగున ఉండే యాంటెన్నాను అరచేయి మూసినా సంకేతం బలహీనపడుతుంది. హాలు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం రిహార్సల్లో చక్కగా పలికిన మైకు సాయంత్రం జనం నిండాక తడబడడానికి ఇది ఒక కారణం, 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే చవక సెట్లకైతే ప్రేక్షకుల ఫోన్ల వైఫై రద్దీ దీనికి తోడవుతుంది. రిసీవర్ యాంటెన్నాలను జనం తలలకంటే ఎత్తులో, వేదికకు సూటిగా కనబడేచోట పెట్టడమన్న చిన్న పని, ఖరీదైన పరికరం కొనడం కంటే తరచుగా ఎక్కువ ఫలితమిస్తుంది.

మైకులు ఒకటి రెండు ఉన్నంతవరకు వ్యవహారం ఇక్కడితో ముగిసేది. సంఖ్య పెరిగేకొద్దీ మొదలయ్యే చిక్కు, ఇంటర్‌మాడ్యులేషన్, ఈ రంగంలో అన్నింటికంటే గహనమైనది. రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గరగా వచ్చినప్పుడు ఒకదాని తరంగం మరొకదాని యాంటెన్నా గుండా లోపలికి దూరి అక్కడి ఆంప్లిఫయర్‌లో కలుస్తుంది. ఏ ఆంప్లిఫయరూ సంపూర్ణంగా నిర్దుష్టం కాదు గనుక ఆ కలయికలో ఎవరూ పంపని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. వాటిలో బలమైనవి, ఒకదాని రెట్టింపు నుంచి మరొకదానిని తీసివేస్తే వచ్చేవి. 500.0, 500.4 మెగాహెర్ట్జ్‌ల మీద రెండు మైకులు ఉన్నాయనుకుంటే, 500.4 రెట్టింపు 1000.8, అందులోంచి 500.0 తీసివేస్తే 500.8 మిగులుతుంది. మూడో మైకును, సమాన దూరం పాటిస్తే క్షేమమని తలచి, సరిగ్గా 500.8 మీద పెడితే అది మొదటి రెండూ కలిసి కన్న తరంగంతో నిత్యం తలపడవలసి వస్తుంది. కాబట్టి మైకుల పౌనఃపున్యాల మధ్య దూరాలు సమానంగా ఉండకూడదు, ఒక దూరం మరోచోట పునరావృతం కాకూడదు. మూడేసి మైకుల కలయికలో పుట్టేవాటిని కూడా లెక్కలోకి తీసుకుంటే నాలుగు మైకులకు ఇలాంటి అవాంఛిత తరంగాలు 24, ఎనిమిదింటికి 224, పదహారింటికి 1,920 పుట్టగలవు. మైకులు రెట్టింపైతే చిక్కులు ఎనిమిది తొమ్మిది రెట్లవుతున్నాయి. పెద్ద ప్రదర్శనల్లో పౌనఃపున్యాల కేటాయింపు కోసమే ప్రత్యేకంగా ఒక ఇంజనీరు ఉండడం, ఆ పని కంప్యూటర్ ప్రోగ్రాముల సాయంతో సాగడం ఈ లెక్క వల్లనే. ప్రదర్శనకు ముందు ఆన్ చేసిన మైకులన్నింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పేర్చడం ఈ తరంగాలకు స్వయంగా పురుడు పోయడమే. మైకుల మధ్య దూరం పెరిగితే వాటి బలం వేగంగా తరిగిపోతుంది.

ఆపివేసిన మైకు రిసీవర్ ఇలాంటి తరంగాన్ని పట్టుకుంటే స్పీకర్లలో భరించలేని రొద మొదలవుతుంది. దానిని నివారించడానికి ట్రాన్స్‌మిటర్ గొంతుతో పాటు, మానవ శ్రవణ పరిధికి పైన, దాదాపు 32 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గుర్తు స్వరాన్ని పంపుతుంది; ఆ గుర్తు వినిపించనంతవరకు రిసీవర్ నోరు విప్పదు.

డిజిటల్ మైకులు ఈ కథను కొంత మార్చాయి. గొంతును సెకనుకు 48,000 సార్లు, ప్రతిసారీ 24 బిట్లతో కొలిస్తే సెకనుకు 11,52,000 బిట్లు పోగవుతాయి. వీటిని 200 కిలోహెర్ట్జ్ వెడల్పు గల మార్గంలో ఇమడ్చాలంటే సమాచారాన్ని గణితపరంగా కుదించాలి, లేదా ఒక్కో తరంగ స్థితిలో ఎక్కువ బిట్లు నింపే సంక్లిష్ట పద్ధతులను ఆశ్రయించాలి. ప్రతిఫలంగా కంపాండర్ అవసరం పూర్తిగా తప్పుతుంది, వీణ నాదం అణగిపోయేచోట ఊపిరి రొద ఉండదు. మొదటి చిక్కు తీరిందని చెప్పగలిగేది ఇక్కడే. కాని ఎఫ్ఎం సంకేతం క్షీణిస్తే రొద పెరిగి ముందుగా హెచ్చరిస్తుంది, డిజిటల్ సంకేతం చివరిదాకా నిర్మలంగా ఉండి ఒక్కసారిగా మూగబోతుంది. ఆలస్యం మరో చిక్కు: గొంతును అంకెలుగా మార్చి, పంపి, తిరిగి గొంతుగా మార్చడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడితే అది ధ్వని గాలిలో ఒక మీటరు ప్రయాణించే సమయం, ప్రేక్షకుడికి అసలు తెలియదు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తన గొంతును తాను వింటూ పాడే గాయకుడి విషయం వేరు. ఎముకల ద్వారా తక్షణం వినిపించే తన గొంతుతో, మైకు, మిక్సర్, ఇయర్‌ఫోను రేడియో మూడింటి ఆలస్యమూ కలిసి వచ్చిన గొంతు కలిసినప్పుడు స్వరం డొల్లగా తోస్తుంది.

మిగిలినది స్థలం సమస్య. తీగలేని మైకులు చిరకాలంగా టీవీ ప్రసారాలకు కేటాయించిన యూహెచ్ఎఫ్ బ్యాండులో, ఆ ఊళ్లో టీవీ వాడుకోని ఖాళీల్లో తలదాచుకున్నాయి. మొబైల్ ఇంటర్నెట్ పెరిగేకొద్దీ ప్రభుత్వాలు ఆ బ్యాండును పైనుంచి ముక్కలుగా టెలికాం కంపెనీలకు ఇస్తూ వచ్చాయి. అమెరికాలో 2010 జూన్ 12 తరువాత 700 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో మైకులు వాడడం నిషిద్ధమైంది. 2017లో ముగిసిన వేలం కారణంగా 600 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని అధిక భాగాన్ని 2020 జులై 13 నాటికి ఖాళీ చేయవలసి వచ్చింది. చర్చిలు, పాఠశాలలు, చిన్న నాటక బృందాలు మంచి స్థితిలో ఉన్న సెట్లను దశాబ్ద కాలంలో రెండుసార్లు మూలన పడేయవలసి రావడం కళలకు జరిగిన అన్యాయమే. వేలంలో పాట పాడే స్తోమత పాటలు పాడేవారికి ఎక్కడా లేదు.

భారతదేశంలో 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో కొంత భాగాన్ని టెలికాం కంపెనీ జియో కొనుగోలు చేసింది. ఆ బ్యాండులో 703 నుంచి 748 మెగాహెర్ట్జ్ వరకు ఫోన్లు టవర్లకు పంపే మార్గం, 758 నుంచి 803 వరకు టవర్లు ఫోన్లకు పంపే మార్గం. కాబట్టి 740 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పాత మైకుకు ఇప్పుడు ప్రత్యర్థులు ముందు వరసల్లో కూర్చున్న ప్రేక్షకుల జేబుల్లోనే ఉండవచ్చు. అదే వేలంలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండును కూడా అమ్మకానికి పెట్టారు గాని కొనేవారు రాలేదు. భవిష్యత్తులో వస్తే దాదాపు 612 నుంచి 703 మధ్య పనిచేసే సెట్లకూ ఇదే గతి పడుతుంది. సెట్టు వెనుక ముద్రించిన పౌనఃపున్య పరిధిని చదవకుండా, పేరునూ ధరనూ మాత్రమే చూసి మైకులు కొనే సభానిర్వాహకులు, సౌండు సర్వీసువారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. 470 నుంచి 600 లోపు పరిధి ఉన్నవి ప్రస్తుతానికి ఎక్కువకాలం మన్నే కొనుగోలు.

ఇరుకు స్థలంలో సర్దుకునే మార్గం ఒకటి ఈమధ్యనే తెరుచుకుంది. ఒక్కో మైకుకు ఒక్కో సన్నని మార్గం ఇచ్చే బదులు, మైకులన్నింటికీ ఇయర్‌ఫోన్లన్నింటికీ కలిపి ఒకే విశాలమైన మార్గం ఇచ్చి, సెకనులో వెయ్యోవంతు కంటే చిన్న వంతులు వేసుకుని ఒకటి తరువాత ఒకటిగా మాట్లాడనిచ్చే ఈ పద్ధతికి 2024 ఫిబ్రవరిలో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతినిచ్చింది. అదే ఏడాది సెన్‌హైజర్ సంస్థ స్పెక్టెరా పేరుతో ఇలాంటి వ్యవస్థను ప్రకటించింది. ఒక వంతులో ఒక్క ట్రాన్స్‌మిటరే పలుకుతుంది కాబట్టి వాటి మధ్య ఇంటర్‌మాడ్యులేషన్‌కు తావుండదు, పదహారు మైకులకు 1,920 శత్రువులను లెక్కపెట్టుకునే శ్రమ తప్పుతుంది. తరంగం విశాలంగా పరచుకుని ఉండడం వల్ల మూగచోట్లు దానిలో కొంత భాగాన్నే మింగగలవు. అయితే వంతు కోసం వేచి ఉండడంలో ఆలస్యం పెరగవచ్చు, మైకుల సంఖ్యను పెంచుకుంటే ఒక్కొక్క దానికి దక్కే నాణ్యత తగ్గుతుంది, ధర ఇంకా సాధారణ బృందాలకు అందేది కాదు. అన్నింటికీ మించి, ఈ పద్ధతికి కూడా ఒకేచోట 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ మేర, అంటే ఒక పూర్తి టీవీ చానెల్ వెడల్పున, స్థలం ఖాళీగా దొరకాలి.